సముద్రం కనబడే గది

"ఎప్పుడూ వంటింటి కబుర్లేనా? ఊళ్ళకెళ్ళి హోటల్లో దిగితే ఏమేం చూసుకోవాలో కూడా కాస్త రాయండి" అని అడిగిన సోదరీమణులకి ఈ వారం జవాబు చెబుదామనుకున్నాను. చెప్పడానికి నాకేమంత అనుభవం ఉందని! పెళ్ళయి ఇరవై మూడేళ్ళయింది. ఇన్నేళ్ళలో ప్రయాణమంటే పుట్టింటికో, అత్తింటికో, చుట్టాల పెళ్ళిళ్ళకో వెళ్ళడమే. తిరుపతి వెళ్తే దేవస్థానం వారి గది. అంతే. డబ్బు కట్టి హోటల్లో, అదీ సముద్రం పక్కన, రెండు రాత్రులు ఉండడం మొన్న 2025 డిసెంబరులోనే మొదటిసారి. ఆ రెండు రోజుల్లో చూసి నేర్చుకున్నవి కొన్నున్నాయి. తప్పు చేసి నేర్చుకున్నది ఒకటుంది. రెండూ చెబుతాను.

మా అత్తగారిది ఖమ్మం దగ్గర పల్లెటూరు. డెబ్భై నాలుగేళ్ళొచ్చినా సముద్రం చూడలేదు. "గోదారి చూశాను, కృష్ణ చూశాను. సముద్రం ఒక్కటీ చూస్తే చాలమ్మాయ్" అని ఏడాదిగా అంటున్నారు. ఆవిడ కోసమని విశాఖపట్నం బయల్దేరాం. మావారు, నేను, అత్తగారు, ఎనిమిదో తరగతి చదివే మా చిన్నాడు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా పెద్దమ్మాయి అక్కడినుంచే ఫోన్లో గది మాట్లాడేసింది. రోజుకి 3,200 రూపాయలు, రెండు డబుల్ మంచాల గది, పొద్దున టిఫిను వాళ్ళదే. "బీచ్‌కి రెండు నిమిషాల నడక, సీ వ్యూ, నాలుగు స్టార్లిచ్చారమ్మా" అంది. స్టార్లు ఇచ్చిందెవరో, ఎందుకిచ్చారో నాకేం తెలుసు! సరేనన్నాను.

దారికి చింతపండు పులిహోర చేశాను. ప్రయాణానికైతే నిమ్మకాయ పులిహోర కంటే ఇదే నయం. అన్నం వెడల్పాటి పళ్ళెంలో ఆరబోసి, పసుపూ నూనే కలిపి, పూర్తిగా చల్లారాకే పులుసు కలిపి డబ్బాలో పెట్టుకోవాలి. వేడిమీద మూతపెడితే చెమ్మపట్టి పాడవుతుంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో సాయంత్రం ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. ఆటో దిగి సామాన్లతో హోటల్లోకి వెళ్ళేసరికి ఇంకా ఆరున్నర కూడా కాలేదు. కౌంటర్లో కుర్రాడు ఆవులిస్తూ "చెక్‌ ఇన్ పన్నెండు గంటలకి మేడమ్" అన్నాడు. మాకు గుండె జారిపోయింది. మొహం కడుక్కోలేదు, కాఫీ లేదు, పెద్దావిడ రాత్రంతా రైల్లో కూర్చున్నట్టే ఉన్నారు. చివరికి కింద ఉన్న బాత్‌రూమ్ వాడుకోమని, సామాను ఓ మూల పెట్టుకోమని ఒప్పుకున్నారు. గది తొమ్మిదిన్నరకి ఖాళీ అయితే అప్పుడిచ్చారు.

అందుకని మొదటి మాట. తెల్లవారుఝామున దిగే రైలైతే ముందురోజే హోటలుకి మీరే ఫోన్ చేసి, ఎన్నింటికి గది ఇస్తారో, ముందే ఇస్తే అదనంగా ఎంత తీసుకుంటారో అడగండి. కొన్నిచోట్ల మనం దిగిన గంట నుంచి ఇరవై నాలుగ్గంటలు లెక్కవేస్తారు, కొన్నిచోట్ల మధ్యాహ్నం పన్నెండే లెక్క. పెద్దవాళ్ళందరి గుర్తింపు కార్డులూ దగ్గరుంచుకోండి. మా అత్తగారి ఆధార్ కార్డు ఇంట్లో బీరువాలో భద్రంగా ఉంది! మా అమ్మాయి ఫోన్లో ఫోటో ఉండబట్టి బతికిపోయాం.

ఇక ఆ 'సీ వ్యూ'. మూడో అంతస్తు. గది శుభ్రంగానే ఉంది. కిటికీ తెర లాగితే ఎదుట మేడమీద రెండు నల్లటి నీళ్ళ ట్యాంకులు. ఆ రెంటి మధ్యనుంచి జానెడు నీలిరంగు. మావారు ధుమధుమలాడుతూ కిందికి వెళ్ళి అడిగితే "కనబడుతోంది కదా సార్" అన్నాట్ట కుర్రాడు. అత్తగారు మాత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసుక్కూర్చుని "జానెడైనా సముద్రం సముద్రమే. నువ్వు గొడవ పడకురా అబ్బాయ్" అన్నారు. మీరు గది మాట్లాడుకునేటప్పుడు కిటికీలోంచి ఏం కనబడుతుందో, లిఫ్టు ఉందో లేదో, బాత్‌రూమ్ గడప ఎత్తుగా ఉందో, పెద్దవాళ్ళకి ఏ రకం మరుగుదొడ్డి కావాలో నోరు తెరిచి అడగండి. ఫోటోల్లో సముద్రమూ దగ్గరగానే కనబడుతుంది, గదీ పెద్దగానే కనబడుతుంది.

ఆ సాయంత్రం ఆర్.కె. బీచ్‌కి తీసుకెళ్ళాం. అత్తగారు ఇసకలో చెప్పులు విడిచి చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయారు. చిన్నాడు "ఎలా ఉంది నాయనమ్మా?" అని అడిగితే "అవతలి ఒడ్డు లేదురా!" అన్నారు. పర్వదినం కాని రోజున సముద్రస్నానం చెయ్యకూడదని, నాలుగు చుక్కలు తలమీద చల్లుకున్నారంతే. అక్కడే ఉన్న కుర్సుర జలాంతర్గామిలోకి తండ్రీ కొడుకూ వెళ్ళొచ్చారు, నేనూ వెళ్ళాను. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002 నుంచి ఇలా జనం చూసేందుకు ఒడ్డున ఉంది. మగవాళ్ళు ఆయుధాలు చూశారు. నేను మాత్రం, అంత ఇరుకులో అంతమందికి రోజూ వండిపెట్టినవాళ్ళు ఎలా నిలబడ్డారో అనుకుంటూ బయటికొచ్చాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

మర్నాడు పొద్దున నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. లేచి కూర్చున్నాను. పాలు పెట్టక్కర్లేదు. టిఫినుకి ఏం చెయ్యాలో ఆలోచించక్కర్లేదు. డబ్బా కట్టక్కర్లేదు. హాయిగా పడుకోవచ్చు కదా! పడుకోలేకపోయాను. కాసేపు ఫ్యాను వంక చూశాను. తర్వాత లేచి దుప్పట్లు మడతపెట్టాను. గ్లాసులు కడిగాను. నిన్న సముద్రంలో తడిసిన బట్టలు బాత్‌రూమ్‌లో ఉతికి, ఆ ఇసకంతా నీళ్ళు కొట్టి పంపేశాను. వచ్చేటప్పటికి ఎలా ఉందో అలా చేసి పెట్టానని నాకు నేనే మెచ్చుకున్నాను.

పదింటికి గదులు సర్దే ఆవిడ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. బక్కపల్చటి మనిషి. గదంతా చూసి నవ్వింది. "మీరెందుకమ్మా ఇయన్నీ సేసీసినారు? దుప్పట్లు మడతెట్టినా నాను ఇప్పి ఉతుక్కి ఎయ్యాల్సిందే కదా" అంది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి, తూము మీది జల్లెడ తీసి, కింద కూర్చుని చేత్తో తడి ఇసక తోడడం మొదలుపెట్టింది. గుప్పెళ్ళకి గుప్పెళ్ళు! అంతా పొద్దున నేను 'శుభ్రం' చేసిన ఇసకే.

నాకు సిగ్గేసి పక్కనే నిలబడ్డాను. "ఇసకతోనే సచ్చిపోతన్నామమ్మా. బీచ్‌కెల్లొచ్చినోళ్ళందరూ ఇక్కడే కడుగుతారు. తూము పూడిపోతాది" అంది. రోజుకి పద్నాలుగు గదులట ఆవిడ వంతు. కొంతమంది టీ కాచుకునే కరెంటు కెటిల్‌లో పాలు కాస్తారట, గుడ్లు ఉడకబెడతారట, నూడుల్స్ చేస్తారట. అడుగంటితే గీకలేక చావు. తువ్వాళ్ళతో చెప్పులు తుడుస్తారట. "మీరు మంచోళ్ళు, గలాసులు కడిగేసినారు" అని కూడా అంది.

ఆవిడే చెప్పింది చిట్కా. ఇసక తడిమీద అంటుకుంటుంది, ఆరితే రాలిపోతుంది. బీచ్ దగ్గరే ఓ పదినిమిషాలు ఆరనిచ్చి, కాళ్ళూ బట్టలూ దులుపుకుని వస్తే సగం పని తప్పుతుంది. ఉప్పునీటిలో తడిసిన బట్టల్ని మాత్రం ఒకసారి మంచినీళ్ళలో జాడించే ఆరెయ్యాలి. ఉప్పు గాలిలో చెమ్మని లాగుతుంది కాబట్టి, జాడించకపోతే ఎంతసేపు ఆరేసినా బట్ట చల్లగానే ఉంటుంది. వెళ్ళబోతూ మా చిన్నాణ్ణి చూపించి "బాబుని నీళ్ళల్లోకి దూరం ఒగ్గీకండమ్మా, ఈ సముద్రం లాగేస్తాది" అంది.

ఆ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆర్.కె. బీచ్‌లో ఏటా ప్రాణాలు పోతున్నాయి. అలలు విరగకుండా నీళ్ళు నున్నగా కనబడితే అక్కడ భద్రమనుకుంటాం. చాలాసార్లు ఒడ్డుకొచ్చిన నీళ్ళు లోపలికి తిరిగి లాక్కుపోయే దారి అదే. అందులో చిక్కుకుంటే ఎదురీది ఒడ్డుకి రావాలని చూడకూడదు, అలిసిపోతారు. ఒడ్డుకి సమానంగా పక్కకి ఈది, లాగుడు తగ్గాక ఒడ్డువైపు రావాలి. ఈత రానివాళ్ళకి మోకాలిలోతే ఎక్కువ. బోర్డు పెట్టినచోట, కాపలావాళ్ళు ఈల వేసినచోట అసలు దిగకూడదు.

మూడోరోజు పొద్దున అత్తగారు సూర్యోదయం చూస్తానంటే తీసుకెళ్ళాను. ఓ పెద్ద అల వచ్చి ఆవిడ చీర మోకాళ్ళ దాకా తడిపేసింది. గదికొచ్చి చీర మార్పించి, జాడించాను కానీ ఆరే వ్యవధి లేదు. పన్నెండుకి ఖాళీ చెయ్యాలి. మావారు "తెములు, తెములు" అని ప్రాణం తీస్తున్నారు. తడిచీర మిగతా బట్టలకి తగలకుండా చేతికందిన గుడ్డలో చుట్టి బ్యాగులో అడుగున తోసేశాను. పదింటికి ఆవిడ వచ్చి, మేం ఖాళీ చేస్తున్నామని వాడిన దుప్పట్లూ, తువ్వాళ్ళూ మూటకట్టుకుని వెళ్ళింది. మా అత్తగారికి నమస్కారం పెట్టి మరీ వెళ్ళింది.

కింద మావారు బిల్లు చూస్తున్నారు. బిల్లు సరిగ్గానే ఉంది. రెండు రోజులకి 6,400, పన్ను 320. రోజుకి 7,500 లోపు అద్దె ఉన్న గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను నూటికి ఐదు రూపాయలే. అంతకుముందు పన్నెండు ఉండేది. మీ బిల్లులో ఇంకా పన్నెండు వేస్తే అడగండి. భోజనం బిల్లులో 'సర్వీస్ ఛార్జి' అని కలిపితే, అది తప్పనిసరి కాదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అలా కలపకూడదని చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టూ దాన్నే సమర్థించింది. తీసెయ్యమంటే తీసెయ్యాలి. వినకపోతే 1915కి ఫోన్ చెయ్యొచ్చు.

ఇంతలో గది చూడ్డానికి పైకెళ్ళిన కుర్రాడు దిగి వచ్చి కౌంటర్లో అతని చెవిలో ఏదో చెప్పాడు. "సార్, ఒక తువ్వాలు తక్కువుంది. నాలుగిచ్చాం, లెక్కకి మూడే వచ్చాయి. 350 రూపాయలు" అన్నాడతను.

మావారికి కోపం నషాళానికంటింది. "మేం తువ్వాళ్ళు ఎత్తుకుపోయేవాళ్ళలా కనబడుతున్నామా?" అని కేకలేశారు. అక్కడ కూర్చున్నవాళ్ళంతా చూస్తున్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఆ కంగారులో నేనో మాట అన్నాను. "పొద్దున ఆవిడ వచ్చి మూట కట్టుకెళ్ళింది కదండీ. ఆ లెక్క చూసుకోండి."

అంతే అన్నాను. ఆవిణ్ణి పిలిపించారు. మెట్ల దగ్గర నిలబడి "నాకు మూడే కనబడ్డాయి బాబూ" అంది. కౌంటర్లో అతను "సరేలెండి సార్, మీరు వెళ్ళండి. ఆవిడ లెక్కలో వేస్తాం" అన్నాడు. ఆవిడ నా వంక చూసింది. నేను బ్యాగు జిప్పు సరిచేసుకుంటున్నాను.

మర్నాడు పొద్దున హైదరాబాదులో ఇంటికొచ్చి, స్టవ్ మీద పాలు పెట్టి, బ్యాగు విప్పాను. అడుగున ముక్కవాసన వేస్తున్న తడిచీర. దాని చుట్టూ తెల్ల తువ్వాలు. అంచున నీలిదారంతో హోటల్ పేరు.

పాలు పొంగి స్టవ్ అంతా పోయాయి. నేను కదల్లేదు.

మావారికి చూపిస్తే ఆయనా కాసేపు మాట్లాడలేదు. తర్వాత "350 రూపాయల దానికి ఇంత ఇదవుతావేంటి? వాళ్ళు ఈపాటికి మర్చిపోయుంటారు" అన్నారు. ఇప్పుడు ఫోన్ చేస్తే అంత అరిచినందుకు చిన్నతనం కదా, అదీ ఆయన బాధ. నాకూ అదే బాధ. ఆ తువ్వాలు ఉతికి బీరువాలో పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

అత్తగారు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "నా కాపురం కొత్తలో మా ఇంట్లో వెండిగ్లాసు పోయింది. అంట్లు తోమే పిల్లని మానిపించేశాం. సంక్రాంతికి అటక దులిపితే గ్లాసు దొరికింది. ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదమ్మాయ్. మా అత్తగారు చెప్పనివ్వలేదు. నేనూ చెప్పలేదు" అన్నారు. యాభై ఏళ్ళ నాటి మాట. ఆవిడ నోట నేను ఎప్పుడూ విన్లేదు.

హోటలుకి ఫోన్ చేశాను. కుర్రాడు "పర్లేదు మేడమ్, ఉంచుకోండి" అన్నాడు. ఉంచుకోవడం కాదు బాబూ, ఆవిడ జీతంలో కోశారా అని అడిగాను. "నెలాఖరుకి కోస్తారు మేడమ్" అన్నాడు. తువ్వాలు ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి స్పీడ్ పోస్టులో పంపాను. తప్పు నాదేననీ, ఆవిడ జీతంలో పైసా కొయ్యకూడదనీ ఉత్తరం రాసి లోపల పెట్టాను. కింద మావారూ సంతకం చేశారు. అందాక మళ్ళీ ఫోన్ చేసి, ఆవిడతో మాట్లాడించమని పట్టుబట్టాను. మూడోసారికి మాట్లాడించారు.

"దొరికిందేటమ్మా?" అంది ఆవిడ, తన తువ్వాలే దొరికినంత సంతోషంగా. "జీతంలో కొయ్యమని సెప్పినారు. పోన్లెండి, ఎవులికైనా అవుతాది. నాను తియ్యలేదని మీకు తెల్సు కదమ్మా" అంది.

"తెలుసమ్మా" అన్నాను.

అదొక్కటీ అబద్ధం. ఆ కౌంటర్ దగ్గర నాకు తెలియదు. ముందురోజు తన పక్కన నిలబడి పద్నాలుగు గదుల కష్టం విని జాలిపడ్డ దాన్నే, నా పరువుదాకా వచ్చేసరికి ఆవిడ మీదికి తోసేశాను. పైగా ఆవిడ చేసే పనే కదా నేను ఇరవై మూడేళ్ళుగా చేస్తున్నదీ! ఇంట్లో చెంచా కనబడకపోతే ముందు నన్నే అడుగుతారు, నాకెంత ఉక్రోషమొస్తుందో నాకు తెలీదూ? ఫోన్లో ఆవిడకి చెప్పలేని మాట ఇక్కడ మీ అందరి ముందూ చెబుతున్నాను.

మా పెద్దమ్మాయి మొన్న ఫోన్లో "ఆ హోటలుకి ఎన్ని స్టార్లివ్వనమ్మా? నాన్న ఒకటే ఇవ్వమంటున్నారు" అని అడిగింది. గది శుభ్రంగా ఉంది, ఇడ్లీ మెత్తగా ఉంది, కిటికీలోంచి సముద్రం జానెడే కనబడుతుంది, గదులు సర్దే ఆవిడ చాలా మంచి మనిషి, అని ఉన్నదున్నట్టు రాయమన్నాను. స్టార్ల సంగతి దాని ఇష్టం.

మీరు హోటల్ గది ఖాళీ చేసేముందు మంచాల కింద, తలుపుల వెనక మన వస్తువులు ఎటూ చూసుకుంటారు. బ్యాగు విప్పి వాళ్ళ వస్తువులేమైనా వచ్చేశాయేమో కూడా ఓసారి చూసుకోండి. మన తువ్వాళ్ళు రంగువి పట్టుకెళ్తే ఈ పొరపాటే జరగదు. తడిబట్టలకి ఒక ప్లాస్టిక్ సంచీ విడిగా పెట్టుకోండి. గదులు సర్దేవాళ్ళకి ఏమైనా ఇవ్వాలనుకుంటే కౌంటర్లో కాకుండా వాళ్ళ చేతికే ఇవ్వండి. అన్నిటికంటే ముందు, ఏదైనా పోయిందనగానే ఎదుటివాళ్ళ మూట చూడమనేముందు మన సంచీ విప్పండి.

వచ్చే వారం మళ్ళీ వంటింట్లోకే. నువ్వులపొడి మూడు రకాలు.